ఓడిపోయే యుద్ధదేవుడు: ఆరీస్, అతని అయినవాళ్లు

అందరికీ నమస్కారం.

యుద్ధదేవుడు అనగానే మనకు గెలిచేవాడే గుర్తొస్తాడు. ఆయుధం ఎత్తితే ఎదురులేనివాడు, అసురుణ్ణి చంపి జయజయధ్వానాల మధ్య తిరిగొచ్చేవాడు. గ్రీకుల యుద్ధదేవుడు ఆరీస్ అలాంటివాడు కాడు. పాత కథల్లో అతను కనిపించిన ప్రతి చోటా దాదాపుగా దెబ్బ తినే కనిపిస్తాడు. ఓటస్, ఎఫియాల్టీస్ అనే అన్నదమ్ములు అతన్ని పట్టుకుని కంచు జాడీలో 13 నెలలు బంధించారు. ఆ కుర్రాళ్ల సవతి తల్లి వెళ్లి దేవతల దూత హెర్మీస్‌కు చెప్పబట్టి గానీ లేకపోతే అందులోనే అంతమైపోయేవాడంటుంది ఇలియడ్, ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం. మహావీరుడు హెరాక్లీస్ చేతిలో తొడకు గాయమైంది. ట్రాయ్ యుద్ధంలో మామూలు మనిషి ఒకడు అతని పొత్తికడుపులో ఈటె దించాడు. అదే యుద్ధంలో, తన తండ్రి కూతురే అయిన ఎథీనా రాయి విసిరితే మెడకు తగిలి నేలకూలాడు. పడితే ఆ ఒళ్లు ఏడు ప్లెత్రాల మేర పరుచుకుందట, అంటే మన లెక్కలో 200 మీటర్ల పైచిలుకు. అంత పెద్ద దేవుడు, ఒక్క రాతి దెబ్బకి!

యుద్ధంతోనే బతికిన జనం తమ యుద్ధదేవుణ్ణి ఇలా ఎందుకు చూపించారు? గ్రీకు పురాణాలు చదివే కొద్దీ నాకు ఒక సంగతి గట్టిపడుతూ వచ్చింది. ఆరీస్‌ను అర్థం చేసుకోవాలంటే అతని ఆయుధాలు చూసి లాభం లేదు, అతని అయినవాళ్లను చూడాలి. తండ్రికి అతనేమవుతాడు, ప్రేమించినామెకు ఏమవుతాడు, ముఖ్యంగా తన పిల్లలకు ఏమవుతాడు. ఇవాళ నేను చెప్పేదంతా దాని గురించే.

ఇలియడ్ ఐదో సర్గతో మొదలుపెడతాను. డయోమెడీస్ అనే గ్రీకు వీరుడు ఆ రోజు రెచ్చిపోయి ఉన్నాడు. అతని రథం పగ్గాలు ఎథీనా స్వయంగా అందుకుంది. ఆరీస్ కంటికి కనపడకుండా పాతాళరాజు హేడీస్ శిరస్త్రాణం తలకు పెట్టుకుంది. ఆ సమయానికి ఆరీస్ ఏం చేస్తున్నాడు? తను చంపిన ఒక సైనికుడి ఒంటి మీంచి కవచం ఊడదీస్తున్నాడు. మిగతా దేవుళ్లు దూరం నుంచి బాణం వేస్తారు, మబ్బు కప్పుతారు, చెవిలో సలహా చెబుతారు. శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రక్తంలో చేతులు పెట్టి, సిపాయిలా దోచుకునే దేవుడు ఇతనొక్కడే. డయోమెడీస్ వస్తుంటే చూసి లేచి ఈటె పొడిచాడు. ఎథీనా దాన్ని చేత్తో పట్టి పక్కకు తోసేసింది. తర్వాత డయోమెడీస్ పొడిచిన పోటుకు తన బలం జోడించి, ఆరీస్ నడికట్టు బిగించుకున్న చోట కడుపులోకి దింపింది. ఆరీస్ కేక తొమ్మిది వేల మంది, పది వేల మంది ఒక్కసారిగా అరిచినట్టుందంటాడు హోమర్. ఇటు గ్రీకులూ అటు ట్రాయ్ వాళ్లూ, రెండు సైన్యాలూ వణికిపోయాయి.

ఇక్కడి నుంచి కథ ఇంట్లోకి వెళుతుంది. ఆరీస్ దేవతల కొండ ఒలింపస్ చేరి తండ్రి, దేవతల రాజు జ్యూస్ పక్కన కూలబడతాడు. కారుతున్న రక్తం చూపిస్తాడు. నీ కూతురు ఏం చేసినా నువ్వు నోరెత్తవు, మమ్మల్నందర్నీ అదుపులో పెడతావు, దాన్ని మాత్రం అనవు అని వాపోతాడు. పెద్దవాళ్లు ఒకరిని వెనకేసుకొస్తున్నారని ఇంకొకరు ఏడ్చే ఏడుపే ఇది. జ్యూస్ కసురుకుంటాడు. నా పక్కన కూర్చుని ఏడవకు, ఒలింపస్ మీద ఉన్న దేవుళ్లందరిలోకీ నువ్వంటేనే నాకు అసహ్యం, నీకెప్పుడూ తగాదాలూ యుద్ధాలే కావాలి, మీ అమ్మ హేరా మొండితనమంతా నీకే వచ్చింది అంటాడు. ఇంకెవరికైనా పుట్టి ఉంటే నిన్నెప్పుడో అధఃపాతాళానికి తోసేసేవాణ్ణి అంటాడు. కానీ అదే నోటితో, నువ్వు నా బిడ్డవి, నీ నొప్పి నేను చూస్తూ ఊరుకోను అని వైద్యుడు పేయాన్‌ను పిలుస్తాడు.

పేయాన్ మందు రాయగానే గాయం ఎలా మూసుకుందో హోమర్ చెప్పిన తీరు వినాలి. తెల్లటి పాలలో అంజూరపు పాలు వేసి కలుపుతుంటే ఎంత చప్పున గట్టిపడతాయో అంత చప్పున. మన ఇళ్లలో మజ్జిగచుక్కతో తోడేస్తే పొద్దుటికి గానీ పెరుగవదు. వాళ్లు జున్ను చెయ్యడానికి అంజూరపు చెట్టు పాలు వాడేవారు, కలుపుతుండగానే విరిగి ముద్దకడుతుంది. రణరంగం మధ్యలో నుంచి హోమర్ ఒక్కసారిగా గొర్రెల కాపరి గిన్నె దగ్గరికి తీసుకుపోతాడు మనల్ని. ఆ తర్వాత చెల్లెలు హీబీ వచ్చి ఆరీస్‌కు స్నానం చేయించి మంచి బట్టలు కట్టబెడుతుంది. తిట్లు తిన్న కొడుకు తండ్రి పక్కనే వెళ్లి మళ్లీ దర్జాగా కూర్చుంటాడు.

తండ్రి ఎందుకంత అసహ్యించుకున్నాడు? యుద్ధం అంటే జ్యూస్‌కు గిట్టదనా? కాదు, ఆ యుద్ధాన్ని నడిపిస్తున్నదే జ్యూస్ సంకల్పం. ఎథీనా కూడా యుద్ధదేవతే, ఆమె అతని ముద్దుల కూతురు. ఎథీనాది వ్యూహం, నగర రక్షణ, ఫలానా లక్ష్యం కోసం చేసే యుద్ధం. ఆరీస్‌ది దిగినవాడికి తెలిసే యుద్ధం: దుమ్ము, కేకలు, కళ్లు మూసుకుపోయే ఆవేశం, ఏ పక్షమో కూడా మర్చిపోవడం. నిజంగానే అతనికి పక్షం నిలకడ లేదు. గ్రీకుల వైపు ఉంటానని మాటిచ్చి ట్రాయ్ వైపు తిరిగాడని ఎథీనా తిడుతుంది. మన కుమారస్వామిని ఇతనితో పోల్చాలని చాలామందికి అనిపిస్తుంది. ఆ పోలిక నిలవదు. కుమారస్వామి దేవతలు కోరి తెచ్చుకున్న సేనాపతి, ఒక పని కోసం పుట్టినవాడు. పోల్చే పనైతే ఎథీనా పక్కన నిలబెట్టాలి ఆయన్ని. ఆరీస్‌ను దేవతలెవరూ కోరుకోలేదు.

ఈ తేడా గ్రీకు కవులకు బాగా తెలుసు. క్రీస్తుపూర్వం 458లో ఎస్కిలస్ ‘అగమెమ్నాన్’ నాటకం ఆడించాడు. అందులో ముసలివాళ్ల బృందం ఆరీస్‌ను శరీరాలు మార్చి బంగారమిచ్చే వ్యాపారి అంటుంది. ఈటెల పోరులో తక్కెడ పట్టుకుని కూర్చుంటాడట. ఇళ్ల నుంచి మనుషుల్ని తీసుకుని, ట్రాయ్ నుంచి తిరిగి ఆ ఇళ్లకు చితాభస్మం నింపిన కలశాలు పంపుతాడట. ఎథెన్స్ అప్పుడు ఏకకాలంలో పలుచోట్ల యుద్ధాలు చేస్తోంది. ఆ నాటకం చూస్తున్నవాళ్లలో కలశాలు అందుకున్న ఇళ్లవాళ్లు ఎందరో ఉండే ఉంటారు.

ఇక ఆఫ్రొడైటీ సంగతికి వస్తాను. ఆరీస్ పేరు విన్న ప్రతివాళ్లకీ తెలిసిన కథ ఇదే. హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీ ఎనిమిదో సర్గలో, ఫయేషియన్లు అనే జనం సభలో డెమోడోకస్ అనే గుడ్డి గాయకుడు దీన్ని పాడతాడు. అందాల దేవత ఆఫ్రొడైటీ భర్త హెఫయిస్టస్, దేవతల కమ్మరి, కుంటివాడు. భార్య ఆరీస్‌తో ఉంటోందని సూర్యుడు చూసి చెప్పాడు. హెఫయిస్టస్ కొలిమి దగ్గరికి పోయి గొలుసులు తయారుచేశాడు. సాలెగూడు పోగుల్లా సన్నటివి, దేవతల కంటికి కూడా ఆననివి. వాటిని మంచం కోళ్ల చుట్టూ, పైన దూలాల నుంచి కిందికి వేలాడదీసి, లెమ్నాస్ దీవికి వెళుతున్నానని చెప్పి బయల్దేరాడు. ఆరీస్ వచ్చాడు, ఇద్దరూ మంచమెక్కారు, గొలుసులు బిగుసుకున్నాయి. కాలూ చెయ్యీ కదపలేరు.

హెఫయిస్టస్ వాకిట్లో నిలబడి దేవుళ్లను కేకేశాడు. ఆ మాటలు నన్ను ప్రతిసారీ పట్టి ఆపేస్తాయి. నేను కుంటివాణ్ణి కాబట్టి ఈమె నన్ను చులకన చేసింది, వాడు అందగాడు, కాళ్లు బాగున్నవాడు, నేనిలా పుట్టడం నా తప్పా, నన్ను కన్నవాళ్ల తప్పు గానీ, అసలు కనకుండా ఉండాల్సింది అంటాడు. దేవతా స్త్రీలు సిగ్గుపడి ఇళ్లలోనే ఉండిపోయారు. మగ దేవుళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి ఆపుకోలేక నవ్వారు. ఆఫ్రొడైటీ పక్కన ఉండటానికి అలా బంధించినా నువ్వు ఒప్పుకుంటావా అని అపోలో హెర్మీస్‌ను అడిగితే, ఇంతకు మూడింతల గొలుసులు వేసినా సరే, దేవతలంతా చూస్తున్నా సరే అన్నాడు అతను. మళ్లీ నవ్వులు. నవ్వనివాడు ఒక్కడే, సముద్రుడు పొసైడన్. వదిలెయ్యి, ఆరీస్ పరిహారం కట్టకపోతే నేను కడతాను అని పూచీ పడి విడిపించాడు. ఆరీస్ థ్రేస్‌కు పోయాడు, ఆమె సైప్రస్‌లోని పాఫోస్‌కు పోయింది.

ఒకటి గమనించండి. వలలో చిక్కాక ఆరీస్ ఒక్క మాట మాట్లాడడు. ఆమె కూడా. చుట్టూ అందరూ మాట్లాడతారు, నవ్వుతారు, బేరమాడతారు, పట్టుబడ్డ ఇద్దరూ మౌనంగా ఉంటారు. కదలకుండా కట్టేస్తే యుద్ధం చేతకానిదైపోతుందన్న తెలివి ఆ పాటలో ఉంది. దాన్ని వినోదంగా పాడారు, ఆ కావ్య నాయకుడు, ట్రాయ్ నుంచి ఇల్లు చేరలేక తిరుగుతున్న ఒడిస్సియస్ కూడా విని సంతోషించాడు. ఇరవై ఏళ్లుగా భార్యకు దూరంగా ఉన్న మనిషి ఆ పాట వింటూ లోపల ఏమనుకున్నాడో హోమర్ చెప్పడు.

ఈ ఒక్క కథతో వాళ్లిద్దరి బంధాన్ని తేల్చెయ్యడం అన్యాయం. ఇలియడ్‌లో వాళ్లు వేరేగా కనిపిస్తారు. డయోమెడీస్ ఈటె తగిలి మణికట్టు తెగిన ఆఫ్రొడైటీ పరుగున ఆరీస్ దగ్గరికే వెళుతుంది. మోకాళ్ల మీద పడి, గుర్రాలు ఇవ్వు, ఒలింపస్ చేరాలి అని అడుగుతుంది. అతను మారు మాట లేకుండా ఇచ్చేస్తాడు. ఆ తర్వాత 21వ సర్గలో ఎథీనా రాయి దెబ్బకు ఆరీస్ మూలుగుతూ పడి ఉంటే, చెయ్యి పట్టుకుని లేపి నడిపించుకుపోయేది ఆఫ్రొడైటీ. అలా నడిపించినందుకు ఆమె కూడా ఎథీనా చేతి దెబ్బ తింటుంది, ఇద్దరూ పక్కపక్కనే నేల మీద పడతారు. ఇలియడ్‌లో హెఫయిస్టస్ భార్య ఆఫ్రొడైటీ కానే కాదు, కారిస్ అనే ఆమె. కాబట్టి అక్కడ రంకు ప్రసక్తే లేదు. గాయపడ్డ ఇద్దరు ఒకరికొకరు ఆసరా అయ్యారు, అంతే. పూజల్లోనూ వాళ్లు కలిసే ఉండేవారు. రెండో శతాబ్దపు యాత్రికుడు పాసానియస్ ఎథెన్స్ నడిబొడ్డున ఆరీస్ గుడి చూశాడు. లోపల ఆరీస్ విగ్రహంతోపాటు ఆఫ్రొడైటీ విగ్రహాలు రెండు ఉన్నాయని రాశాడు.

వాళ్లకు పిల్లలు పుట్టారు. ఫోబోస్, డీమోస్ అంటే భయం, బెదురు. తండ్రితోపాటు యుద్ధానికి వెళ్లే కొడుకులు వీళ్లు. మూడో బిడ్డ ఆడపిల్ల, హార్మోనియా. కలిసి ఒదిగి ఉండడమే ఆ అమ్మాయి పేరు. ఈ ముగ్గురినీ ప్రాచీన గ్రీకు కవి హీసియడ్ ఒకే చోట, ఒకే ఊపిరిలో చెబుతాడు. మొదటిసారి చదివినప్పుడు ఇది అలంకారం కోసం కల్పించిన సంగతేమో అనిపిస్తుంది, కానీ ఆ పిల్ల పెళ్లి కథ చదివితే అలా అనుకోలేం.

ఫినీషియా నుంచి వచ్చిన కాడ్మస్ థీబ్స్ నగరం కట్టబోతూ, నీళ్ల కోసం ఒక ఊట దగ్గరికి మనుషుల్ని పంపాడు. ఆ ఊటను కాపలా కాస్తున్న సర్పం ఆరీస్‌ది. అది వాళ్లను చంపింది, కాడ్మస్ దాన్ని చంపాడు. దాని కోరలు భూమిలో విత్తితే ఆయుధాలతో మనుషులు మొలిచి ఒకళ్లనొకళ్లు నరుక్కున్నారు, ఐదుగురు మిగిలారు. థీబ్స్ పెద్ద కుటుంబాలకు వాళ్లే మూలపురుషులు. సర్పాన్ని చంపిన పాపానికి కాడ్మస్ ఎనిమిదేళ్లు ఆరీస్ దగ్గర ఊడిగం చేశాడు. ఎనిమిదేళ్ల తర్వాత అదే ఆరీస్ కూతురు హార్మోనియాను అతనికిచ్చి పెళ్లి చేశారు. పగ తీర్చుకోవాల్సిన దేవుడు మామగారయ్యాడు. ఆ పెళ్లికి దేవతలందరూ భూమి మీదికి దిగొచ్చారు, కళాదేవతలు పాటలు పాడారు. యుద్ధదేవుడి ఇంట జరిగిన శుభకార్యం ఇది!

పెళ్లికూతురికి కానుకగా వచ్చిన నగ ఒకటుంది. హెఫయిస్టస్ చేసిన కంఠహారం. తల్లి చేసిన ద్రోహానికి పగబట్టి ఆ హారంలో కీడు పెట్టాడని తర్వాతి కవులు చెప్పారు. పాటలో దేవుళ్లు నవ్వి వదిలేసిన ఆ రంకు బాకీ ఇక్కడ, అమాయకురాలైన కూతురి మెడలో పడింది. కాడ్మస్, హార్మోనియాల సంతానం ఒక్కొక్కరూ ఏమయ్యారో చూడండి. సెమెలీ జ్యూస్ పిడుగుకు మాడిపోయింది. ఆటొనోయీ కొడుకును వాడి వేటకుక్కలే చీల్చేశాయి. అగావే ఉన్మాదంలో సొంత కొడుకు పెంథియస్‌ను చేతులతో పీకి చంపింది. ఈనో సముద్రంలో దూకింది. తరాలు గడిచాక అదే హారాన్ని లంచం తీసుకుని ఎరిఫిలీ అనే ఆమె తన భర్తను చావు తప్పని యుద్ధానికి పంపింది, దానికి కొడుకే ఆమెను చంపాడు. ముసలితనంలో కాడ్మస్, హార్మోనియాలు పాములుగా మారారు. యూరిపిడీస్ ‘బాకే’ నాటకం చివర్లో మాత్రం ఒక మాట వస్తుంది: వాళ్లిద్దరినీ ఆరీస్ కాపాడి పుణ్యలోకానికి చేరుస్తాడని. నాశనమైపోయిన ఆ కుటుంబంలో చివరికి చెయ్యందించేది అమ్మాయి తండ్రే.

తండ్రిగా ఆరీస్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను. అతని కొడుకుల్లో క్రూరులు చాలామంది. గుర్రాలకు మనుషుల మాంసం మేపిన థ్రేస్ రాజు డయోమెడీస్, ఇందాకటి వీరుడు కాదు, పేరు మాత్రమే ఒకటి, అతను ఆరీస్ కొడుకే. బాటసారుల్ని చంపిన సిక్నస్ కూడా. వాళ్ల కథలు అన్నీ ఒకలాగే ఉంటాయి, హెరాక్లీస్ వచ్చి అంతం చేస్తాడు. ఆస్కలాఫస్ అలాంటివాడు కాదు. బియోషియాలోని ఆర్కోమెనస్ నుంచి సోదరుడితో కలిసి 30 ఓడల్లో ట్రాయ్‌కు వచ్చిన సైన్యాధిపతి. గ్రీకుల పక్షాన పోరాడుతున్నాడు, అంటే తండ్రి ఒక వైపు, కొడుకు ఎదుటి వైపు.

పదమూడో సర్గలో ట్రాయ్ రాకుమారుడు ఒకడు ఇంకెవరికో గురిపెట్టి విసిరిన ఈటె తప్పిపోయి ఆస్కలాఫస్ భుజంలోంచి దూసుకుపోతుంది. దుమ్ములో పడి అరచేత్తో మట్టి పట్టుకుంటాడు. అప్పుడు హోమర్ ఒక మాట చెబుతాడు. కొడుకు పడిపోయిన సంగతి ఆరీస్‌కు ఇంకా తెలియదు, జ్యూస్ ఆజ్ఞతో ఒలింపస్ శిఖరం మీద బంగారు మబ్బుల కింద కూర్చుని ఉన్నాడు అని. రెండు సర్గల పాటు అతనికి ఆ వార్త అందదు. పాఠకుడికి తెలుసు, చుట్టూ ఉన్న దేవుళ్లలో కొందరికి తెలుసు, తండ్రికి తెలియదు. పదిహేనో సర్గలో హేరా మాటల మధ్యలో అనేస్తుంది, ఆరీస్‌కు ఇప్పటికే దుఃఖం వచ్చిపడింది, మనుషుల్లో అతనికి అందరికంటే ఇష్టమైన ఆస్కలాఫస్ పోయాడు అని. సభలో, అందరి ఎదుట, ఇలా తెలుస్తుంది.

ఆరీస్ రెండు అరచేతులతో తొడలు చరుచుకున్నాడు. నన్నెవరూ తప్పుపట్టకండి, నా కొడుకు చావుకు బదులు తీర్చుకోవడానికి వెళుతున్నాను, జ్యూస్ పిడుగు వేసి నన్ను శవాల మధ్య రక్తంలో, దుమ్ములో పడేసినా సరే అన్నాడు. ఫోబోస్, డీమోస్‌లను పిలిచి గుర్రాలు కట్టమన్నాడు. (ఆ ఇద్దరి పేర్లే కుజగ్రహం ఉపగ్రహాలకు పెట్టారు. 1877లో అసాఫ్ హాల్ వాటిని కనిపెట్టినప్పుడు పేర్లు ఈ ఘట్టం నుంచే తీసుకున్నారు. మన శ్రీహరికోట నుంచి 2013లో వెళ్లిన మంగళయాన్ ఆ రెండింటినీ ఫొటోలు తీసింది.) కవచం వేసుకుంటూ వాకిలి దాటబోతున్న ఆరీస్ వెంట ఎథీనా పరుగెత్తింది. తల మీది శిరస్త్రాణం తీసింది, భుజం మీది డాలు తీసింది, చేతిలోని ఈటె లాక్కుని పక్కన నిలబెట్టింది. నీ కొడుకును మించినవాళ్లు చచ్చారు, ఇంకా చస్తారు, అందరి బిడ్డల్నీ కాపాడటం ఎవరివల్లా కాదు అంది. తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. అతను కూర్చున్నాడు.

ఆ మరుసటి సర్గలోనే జ్యూస్ కొడుకు సార్పెడాన్ చనిపోతాడు. జ్యూస్ రక్తపు చినుకులు కురిపిస్తాడు, అపోలోను పంపి శవాన్ని కడిగించి, సుగంధం పూయించి, సొంత ఊరికి చేర్పిస్తాడు. ఒకే కావ్యం, ఇద్దరు దేవుళ్లు, ఇద్దరికీ పుత్రశోకం. రాజుకు ఏడ్చే హక్కుంది, ఆరీస్‌కు లేదు. యుద్ధదేవుణ్ణి క్రూరుడని చెప్పి వదిలేసే ప్రతి పుస్తకం ఈ చోటు దాటేసి పోతుంది, నాకది కష్టంగా ఉంటుంది. తర్వాతి కాలపు కవి క్వింటస్ ఇదే బాధను కూతురి విషయంలో చూపించాడు. యుద్ధం చేసే ఆడవాళ్ల తెగ అమెజాన్ల రాణి పెంథెసిలియా ఆరీస్ బిడ్డ. గ్రీకు వీరుడు అకిలీస్ ఆమెను చంపాడని తెలిసి ఆరీస్ కొండలు దద్దరిల్లేలా దిగొస్తుంటే, జ్యూస్ పిడుగులు వేసి ఆపాడు. మళ్లీ అదే.

ఒక్క బిడ్డ విషయంలో మాత్రం అతన్ని ఎవరూ ఆపలేకపోయారు. ఎథెన్స్ తొలి రాజు సెక్రాప్స్ కూతురు అగ్లారస్‌కు, ఆరీస్‌కు పుట్టిన పిల్ల ఆల్కిపీ. పొసైడన్ కొడుకు హాలిరోథియస్ ఒక ఊట దగ్గర ఆ పిల్లను చెరచబోయాడు. ఆరీస్ అక్కడికక్కడే వాణ్ణి చంపాడు. పొసైడన్ కేసు పెట్టాడు. ఒడిస్సీ పాటలో ఆరీస్ కోసం పూచీ పడ్డవాడే ఇక్కడ ఫిర్యాది. ఎథెన్స్ కోటకొండ అక్రోపోలిస్ పక్కనున్న రాతిగుట్ట మీద 12 మంది దేవుళ్లు విచారించారు. నిర్దోషి అని తీర్పిచ్చారు. హత్యానేరం మీద జరిగిన మొట్టమొదటి విచారణ ఇదేనని ఎథెన్స్‌వాళ్లు చెప్పుకునేవారు. ఆ గుట్టకే ఆరీస్ పేరు పడింది, ఆరియోపాగస్. చారిత్రక కాలంలో హత్య కేసులు విచారించే సభ అక్కడే కూర్చునేది. చెక్కని రాళ్లు రెండుండేవి, ఒకదాని మీద నిందితుడు, ఇంకోదాని మీద ఫిర్యాది నిలబడేవారని పాసానియస్ రాశాడు. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు అపొస్తలుల కార్యములలో పౌలు ప్రసంగించిన ‘అరేయొపగు’ గుర్తుంటుంది, అదే ఇది. ఈనాటి గ్రీసు సుప్రీంకోర్టు పేరు కూడా అదే.

దేవుళ్లలో ఆడవాళ్లను చెరిచినవాళ్లకు లెక్కలేదు, జ్యూస్, పొసైడన్, అపోలో ఎవరూ తక్కువ కాదు. ఏ ఒక్కరి మీదా విచారణ జరగలేదు. కూతురికి అడ్డం నిలబడ్డ తండ్రి బోనెక్కాడు. ఎక్కి, దాక్కోకుండా జవాబు చెప్పుకుని బయటికొచ్చాడు. కొట్టడం తప్ప తెలియనివాడనుకున్న దేవుడి పేరు మీద ఎథెన్స్ తన న్యాయస్థానాన్ని పెట్టుకుంది.

ఆర్కేడియాలోని టెజియాలో పాసానియస్ విన్న కథ ఒకటి చెప్పి ప్రశ్నలకు వస్తాను. ఆ ఊరి రాచకూతురు ఏరోపీ ఆరీస్ బిడ్డను కంటూ చనిపోయింది. తల్లి చనిపోయినా పసివాడు రొమ్ము వదల్లేదు. ఆరీస్ సంకల్పం వల్ల ఆ రొమ్ములో పాలు ధారగా వచ్చాయట. అక్కడి కొండ మీది గుడిలో ఆరీస్‌ను సమృద్ధినిచ్చేవాడిగా కొలిచేవారు. అదే ఊళ్లో ఇంకో ఆచారం. ఒకప్పుడు స్పార్టా దండెత్తి వచ్చినప్పుడు టెజియా ఆడవాళ్లు ఆయుధాలు పట్టి కొండ చాటున పొంచి, సమయానికి దూకి తరిమేశారు. గెలిచాక ఆరీస్‌కు వాళ్లే బలిచ్చి, మగవాళ్లకు ఒక్క ముక్క కూడా పెట్టకుండా విందు చేసుకున్నారు. దేవుణ్ణి కవులు ఒకలా చూస్తారు, ఊళ్లో ఆడవాళ్లు ఇంకోలా చూస్తారు.

ఇక ప్రశ్నలు. ముందు వరసలోంచి ఒకటి వచ్చింది: రోమన్ల మార్స్, ఈ ఆరీస్ ఒకరేనా?

కథలు ఒకటే, దేవుడు వేరు. రోమన్లు గ్రీకు కథలన్నీ తీసుకుని తమ మార్స్‌కు తొడిగారు. అందుకే రోమన్ల పాత ఊరు పాంపేయి గోడల మీద మార్స్, వీనస్ జంట కనిపిస్తుంది, వీనస్ అంటే వాళ్ల ఆఫ్రొడైటీ. కానీ మార్స్ వాళ్లకు వంశకర్త, రోమ్ కట్టిన రోములస్ తండ్రి. పొలం చుట్టూ బలిపశువుల్ని తిప్పుతూ పైరును, పశువును కాపాడమని రైతు మొక్కింది అతనికే, రోమన్ రచయిత కేటో వ్యవసాయ గ్రంథంలో ఆ ప్రార్థన పూర్తిగా ఉంది. రోమన్లు యుద్ధదేవుణ్ణి గౌరవించారు. గ్రీకులు తమవాణ్ణి చూసి భయపడ్డారు.

ఇంకొకరు అడుగుతున్నారు: అంత గిట్టని దేవుణ్ణి గ్రీకులు పూజించారా, ఏం కోరుకునేవారు?

పూజించారు. స్పార్టాలో యుద్ధదేవుడి పాత విగ్రహానికి సంకెళ్లు వేసి ఉంచారు, తమను విడిచి పారిపోకుండా. హోమర్ పేరు మీద ఉన్న స్తోత్రాల్లో ఆరీస్ మీద ఒకటుంది, చాలా తర్వాతి కాలంలో రాసింది. అందులో భక్తుడు అడిగేది విజయం కాదు. నా తలలోంచి పిరికితనం తరిమెయ్యి, యుద్ధంలోకి లాగే నా ఆవేశాన్ని అదుపులో పెట్టు, శాంతి చట్టాల్లో నిలబడే ధైర్యం ఇవ్వు అంటాడు. ఇంకా గట్టి సాక్ష్యం ఎథెన్స్ దగ్గరి అకార్నేలో దొరికింది, క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు రాతిపలక. సైనిక శిక్షణలో చేరే కుర్రాళ్ల ప్రమాణం దాని మీద చెక్కారు. పక్కనున్నవాణ్ణి వదిలి పారిపోను, దేశాన్ని నాకు అందినదానికంటే తక్కువ చేసి అప్పగించను అని ప్రమాణం చేసి సాక్షుల పేర్లు చెబుతారు. మొదటి పేరు అగ్లారస్, ఆల్కిపీ తల్లి. ఆమె గుడిలోనే ఈ ప్రమాణం జరిగేది. వరసలో ఆరీస్ ఉన్నాడు, అతనితో ఎప్పుడూ పడని ఎథీనా కూడా పక్కనే ఉంది. చివర్లో దేశపు సరిహద్దులు, గోధుమ, బార్లీ, ద్రాక్షతీగ, ఆలివ్, అంజూరం. ఆ పలక పెట్టించింది ఆరీస్ పూజారి. అతనికి గ్రీసులో గుళ్లు తక్కువన్నది నిజం. భక్తులే లేరన్న మాటను మాత్రం ఈ రాయి చూశాక నేను ఒప్పుకోలేను.